ఆయన ఆగిన ఏడు చోట్లు

పెదనాయన పోయాడన్న కబురు నాకు ఎలక్ట్రానిక్ సిటీలో, ఆఫీసు క్యాంటీన్ వరసలో ప్లేటు పట్టుకుని నిలబడి ఉండగా తెలిసింది. పెద్దమ్మే ఫోన్ చేసింది. పనివేళల్లో ఆమె ఎప్పుడూ చెయ్యదు. "పెదనాయన లేయలేదు పాపా" అంది. నాకు అర్థం కాలేదు. "ఎక్కడి నుంచి లేవలేదు?" అని అడిగాను. "పొద్దున కాఫీ తాగి, రోంతసేపు పండుకుంటా అన్న్యాడు. డాక్టరు వచ్చి చూసి పోయినాడు. నువ్వు నిదానంగా రా, పరిగెత్తుకోని రావద్దు" అని ఆమే పెట్టేసింది.

ఎలక్ట్రానిక్ సిటీ ఊరికి ఒక చివర, మా పీణ్య ఇంకో చివర. బస్సు అడుగడుక్కీ ఆగుతుంటే ఏం చెయ్యాలో తోచక ఫోనులో మ్యాప్ తెరిచి, నేనున్న చోటు చూపించే నీలం చుక్క వంక చూస్తూ కూర్చున్నాను. అది కదలనే కదలదు. అది ఇల్లు చేరేదాకా పెదనాయన ఉన్నట్టే, చేరాకే పోయినట్టని ఏదో పిచ్చి లెక్క. ఎంత నత్తనడక నడిచినా చుక్క చివరికి చేరింది. గేటు ముందు చెప్పులు చాలా ఉన్నాయి.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. నేను అద్దెకున్న ఇంటి యజమాని. వాళ్ళ తాతలు హిందూపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. పీణ్యలో ఒక చిన్న మిషన్ షాపులో, ఇనుము కోసే లేత్ యంత్రం మీద నలభై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఆరేళ్ళ కిందట నేను మేడమీద గదిలో దిగిన రోజు "అంకుల్, నీళ్ళు ఎప్పుడొస్తాయి?" అని అడిగితే, నీళ్ళ సంగతి చెప్పకుండా "మీది ఏ ఊరు?" అన్నాడు. అనంతపురం అన్నాను. "అనంతపురం పిల్లవి, నన్ను అంకులంటావేంది? పెదనాయనా అను. నీళ్ళు ఆరింటికి వస్తాయి" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన పెదనాయన, ఆమె పెద్దమ్మ. వాళ్ళకు పిల్లలు లేరు. నాకు ఈ ఊళ్ళో ఆఫీసువాళ్ళు తప్ప ఎవరూ లేరు. ఆ ఆఫీసువాళ్ళు కూడా ఎక్కువగా కంప్యూటరు తెరలోనే ఉంటారు.

మీలో ఎవరైనా ఆదివారాలు నెలమంగళ అవతలి గుట్టలు ఎక్కేవాళ్ళుంటే, మీ ఫోనులోని మ్యాప్‌లో గుట్ట మీదకు వెళ్ళే సన్నటి చుక్కల గీత చూసే ఉంటారు. ఫలానా చోట ఎడమకు తిరగమని, ఫలానా చోట బండ జారుతుందని రాసి ఉంటుంది. ఆ గీతలు ఏ కంపెనీ గీసినవీ కావు. అందరూ కలిసి, జీతం లేకుండా గీసుకునే మ్యాప్ అది. మా వైపు పదకొండు గుట్టల దారులు పెదనాయన కాళ్ళు గీసినవి. మ్యాప్‌లో మార్పులన్నీ నా ఖాతాలో చేరాయి కాబట్టి ఆయన పేరు ఎక్కడా లేదు. ఇక్కడైనా ఆయన గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను. రాస్తే నా తప్పు కూడా రాయాలి.

మ్యాప్ పిచ్చి మొదట నాది. సాయంత్రాలు ఏమీ తోచక, మేడమీద కుర్చీ వేసుకుని, ల్యాప్‌టాప్‌లో ఉపగ్రహం తీసిన ఫోటోలు చూస్తూ చెరువులూ వీధులూ గీసేదాన్ని. బట్టలు తీసుకోవడానికి పైకొచ్చిన పెదనాయన నా వెనక నిలబడి చూశాడు.

"ఏంది పాపా ఇది?"

"మ్యాప్ పెదనాయనా. ఎవరైనా గీయొచ్చు."

"జీతమెంత?"

"జీతం లేదు."

"తప్పు గీస్తే ఎవురు దిద్దుతారు?"

"చూసినవాళ్ళు."

ఆ జవాబు ఆయనకు నచ్చలేదు. కళ్ళద్దాలు పైకి తోసుకుని తెరకు దగ్గరగా వంగి, మా వెనక సందు మీద వేలు పెట్టాడు. "మీ మ్యాపు అబద్ధం చెప్తాండాది. ఈ సందు మెయిన్ రోడ్డుకి పోదు. ఫ్యాక్టరీ వాళ్ళు అడ్డంగా గోడ కట్టినారు. ఈ సందులోకి వచ్చి గ్యాసు ఆటోవాళ్ళు రోజూ తిట్టుకోని వెనక్కి పోతాండారు." నేను అక్కడే గీత తెంపి, గోడ పెట్టాను. కాసేపటికి తెర మీద అది కనబడింది. పెదనాయన బట్టలు కుర్చీ మీద పడేసి కిందికి దిగి, ఆ సందులోకి వెళ్ళి, గోడ ఇంకా ఉందో లేదో చూసి వచ్చాడు. ఉందట. మర్నాడు సాయంత్రం నేను పిలవకముందే రెండో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు.

మిషన్ షాపులో పనిచేసే రోజుల్లో ఆదివారమొస్తే స్నేహితులతో గుట్టలెక్కేవాడట. ఆ స్నేహితులు ఒక్కొక్కరే పోయారు, దారులు మిగిలాయి. "అంతా నా కాళ్ళల్లో ఉండాది. నీ పెట్టెలోకి ఎక్కిస్తావా?" అన్నాడు. ఫోనులో నడక రికార్డు చేసే పద్ధతి నేర్పించాను. బయల్దేరేటప్పుడు ఒక మీట నొక్కాలి, తిరిగొచ్చాక మళ్ళీ నొక్కాలి. మధ్యలో ఫోను తనే కొన్ని క్షణాలకోసారి మనమెక్కడున్నామో గుర్తుపెట్టుకుంటుంది. ఆ చుక్కలన్నీ కలిపితే దారి. నేర్చుకోవడానికి ఆయనకు ఒక పూట పట్టింది. నొక్కడం మరిచిపోకుండా ఉండటానికి మాత్రం నెల పట్టింది. మొదటి గుట్టను మేం మూడుసార్లు ఎక్కింది అందుకే.

మొదటి రెండేళ్ళు ప్రతి ఆదివారం ఇద్దరం కలిసే వెళ్ళాం. పొద్దున్నే నెలమంగళ బస్సు, అక్కడి నుంచి ఊరి బస్సు. ఆయన మిషన్ షాపు టోపీ పెట్టుకుని, చెవి మీద పెన్సిలు దోపుకుని వచ్చేవాడు. పెద్దమ్మ కట్టిచ్చిన చిత్రాన్నం డబ్బా నా సంచిలో, నీళ్ళ సీసా ఆయన చేతిలో. ఆయన ముందు, నేను వెనక. నాకు ఆయాసం వచ్చి నిలబడితే ఆయన ఏ రాయినో చెట్టునో పరీక్షగా చూస్తూ నిలబడేవాడు. నా కోసం ఆగాడని ఒక్కసారి కూడా అననిచ్చేవాడు కాదు.

ఆయనకు కొన్ని నియమాలు ఉండేవి. "కొలవంది కొయ్యకూడదు, నడవంది గియ్యకూడదు" అనేవాడు. మొదటి సగం లేత్ నేర్పింది, రెండో సగం ఆయనే కలిపాడు. గుట్ట పేరు తెలియకపోతే మ్యాప్‌లో ఖాళీగా ఉంచాలి తప్ప ఊహించి పెట్టకూడదు. ఊరివాళ్ళను అడగాలి, అదీ ఒకరిని కాదు, ఇద్దరిని. ఏ దారినైనా ఎక్కుతూ ఒకసారి, దిగుతూ ఒకసారి రికార్డు చెయ్యాలి. "ఎక్కేటప్పుడు కండ్లకు ఒక దారి కనపడతాది, దిగేటప్పుడు ఇంగోటి. రెండూ ఒకటయితేనే అది దారి." నేను విసుక్కునేదాన్ని. ఆయన విసుక్కోనిచ్చేవాడు.

ఒకసారి ఒక గుట్ట పక్కన ఉపగ్రహం ఫోటోలో తెల్లగా, చక్కగా ఒక దారి కనబడింది. ఇంట్లో కూర్చునే గీసేసి, గొప్పగా చూపించాను. ఆయన కాదనలేదు. ఆదివారం నన్ను ఆ దారినే తీసుకెళ్ళి, "ముందు నువ్వు నడు పాపా" అన్నాడు. రెండొందల అడుగులు బాగానే ఉంది. తర్వాత దారి మూడుగా చీలింది, మూడూ ముళ్ళపొదల కింద దూరిపోయాయి. దుపట్టా చిరిగి, మోచేతులు గీసుకుపోయి బయటికొచ్చాక చెప్పాడు, అది మేకల దారి అని. "మేకకు పోవాల్సిన ఊరు లేదు. మేత యాడుంటే ఆడికి పోతాది. మనిషి దారికి చివర ఏదో ఒకటి ఉంటాది. గుడో, బాయో, ఇల్లో." మరి ముందే ఎందుకు చెప్పలేదని కోపంగా అడిగాను. "చెప్తే నువ్వు చెరుపుతావు. గీసుకుపోతే ఇంగెప్పుడూ గియ్యవు" అన్నాడు. నిజమే, ఇంకెప్పుడూ గీయలేదు.

ఇంకో రోజు గుర్తుంది. మేం గీసిన దారిలోనే దిగుతున్నాం. ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఎక్కుతూ ఎదురొచ్చారు. పెద్దమనిషి దారి తప్పాడేమో అనుకున్నారు కాబోలు, ఒకమ్మాయి ఫోను చూపించి, ఇలా తిన్నగా దిగండి, మ్యాప్‌లో ఉంది, భయం లేదు అని కన్నడంలో ధైర్యం చెప్పింది. పెదనాయన ఆ ఫోనులోకి తొంగి చూసి, "అవునా, బాగుండాదే" అని తలూపి, థాంక్స్ చెప్పి దిగాడు. నేను చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. బస్సులో ఇంటికొచ్చేదాకా ఆయన ముఖంలో నవ్వు పోలేదు. పెద్దమ్మకు మాత్రం ఆ రాత్రి రెండుసార్లు చెప్పాడట.

మూడో ఏడు నాకు కొత్త ప్రాజెక్టు వచ్చింది. శనాదివారాలు కూడా ఫోన్లు, మీటింగులు. "ఈ వారం రాలేను పెదనాయనా" అన్నాను. పై వారం కూడా అదే మాట. నాలుగైదు వారాలయ్యాక ఆయన అడగడం మానేశాడు. ఒక్కడే వెళ్ళొచ్చేవాడు. సాయంత్రం మేడమీదకొచ్చి ఫోను నా చేతిలో పెట్టేవాడు. నేను అందులోని నడకను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని దారి గీసేదాన్ని. నడిచేది ఆయన, గీసేది నేను. ఆ ఏర్పాటు నాకు సుఖంగానే ఉండేది, ఆ మాట ఒప్పుకోవాలి. ఇంట్లోంచి కదలకుండా గుట్టలెక్కిన పుణ్యం దక్కేది.

కొన్నాళ్ళకు ఆయన మేడమీదకు రావడం కూడా తగ్గించాడు. కూరగాయల బండి వచ్చినప్పుడు పైనుంచి తాడు కట్టి దింపే బుట్ట ఒకటి ఉండేది నాకు. ఆదివారం సాయంత్రం కింద నుంచి "పాపా, బుట్ట ఇడువు" అని కేకేసేవాడు. ఫోను ఆ బుట్టలో వేసేవాడు, నేను పైకి లాక్కునేదాన్ని. ఒకసారి ఫోనుతోపాటు రెండు జామకాయలు కూడా వచ్చాయి. పైకెక్కడానికి బద్ధకమా పెదనాయనా అని పిట్టగోడ మీంచి వేళాకోళం చేశాను. "నీ బుట్టకు పని ఉండాల కదమ్మా" అన్నాడు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. నడక రికార్డు చేసే ఫోనుకు ఒక గుణం ఉంది. మనిషి నడుస్తున్నంతసేపూ గీత సాఫీగా వస్తుంది. ఒకచోట నిలబడితే, మనిషి కదలకపోయినా ఫోను లెక్క అటూ ఇటూ తడబడి, ఆ చోట గీత దారపు చిక్కులా ముడిపడిపోతుంది. గీసేవాళ్ళు ఆ చిక్కులను తీసేసి, దారిని తిన్నగా గీస్తారు. అది పనిలో భాగం. పెదనాయన ఒంటరిగా నడవడం మొదలుపెట్టిన ఏడాదికి ఆయన గీతల్లో చిక్కులు ఎక్కువయ్యాయి. మొదట ఒకటి, తర్వాత రెండు మూడు. ప్రతి ఆదివారం వాటిని తుడవడం నాకో పనయింది.

"పెదనాయనా, మీ ఫోనుకు మతి పోయింది. ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది" అన్నాను.

"ముసిల్ది అయిపోయిందమ్మా. నా మాదిరే" అన్నాడు.

మేం గీతలు గీసేవాళ్ళకు ఒక గుంపు ఉంది, ఫోనులో మాట్లాడుకుంటాం. అందులో ఆ చిక్కుల బొమ్మ పెట్టి అడిగాను. నిలువు బండల పక్కన సిగ్నలు బండకు తగిలి తిరిగొస్తుంది, అందుకే అలా వస్తుందని అనుభవజ్ఞులు చెప్పారు. పాత ఫోనైతే మరీనట. నాకు తృప్తిగా అనిపించింది. ఉగాదికి ఆయనకు కొత్త ఫోను కొనిచ్చాను. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఏదో చెప్పబోయి, "ఎందుకు పాపా దండగ" అన్నాడు. చాలాసేపు దాని వంకే చూస్తూ కూర్చున్నాడు. సంతోషం అనుకున్నాను. కొత్త ఫోనులోనూ చిక్కులు వచ్చాయి. ఇక బండలదే తప్పని తేల్చి, వాటిని తుడుస్తూ పోయాను.

పదకొండో రోజు కార్యం అయ్యాక, వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు. పెద్దమ్మా నేనూ వంటింటి గడపలో కూర్చున్నాం. ఆమె కన్నీళ్ళు పెట్టుకునే మనిషి కాదు. చీర చెంగును మడతలు పెడుతూ, విప్పుతూ అడిగింది.

"ఇది నిన్నా మొన్నటిది కాదు, గుండెకు శానా దినాల నుంచి అవస్త ఉండింటాది అన్న్యాడు డాక్టరు. నడిస్తే ఆయాసం వచ్చింటాది అన్న్యాడు. నాతో ఒక్క మాట చెప్పలేదు పాపా. నీతో ఏమన్నా చెప్పినాడా?"

"లేదు పెద్దమ్మా" అన్నాను. ఆ రోజుకు నేను చెప్పింది నిజమే.

ఆమె లోపలికి వెళ్ళి ఆయన ఫోను తెచ్చి నా ఒడిలో పెట్టింది. "ఇది నాకు రాదు. దీంట్లో మీ దారులు ఏమన్నా ఉంటే తీసుకో." అప్పుడు గుర్తొచ్చింది. పోవడానికి మూడు రోజుల ముందు, ఆదివారం, ఆయన కరిబండెకు వెళ్ళాడు. మాగడి వైపున్న నల్లబండ గుట్ట అది. పేరు ఆయన ఊరివాళ్ళను అడిగి వస్తే మ్యాప్‌లో పెట్టాను, నేనెప్పుడూ ఎక్కలేదు. ఆ సాయంత్రం బుట్ట దింపమని కేక రాలేదు. నేనే పిట్టగోడ మీంచి అడిగితే, "రేపు ఇస్తాలే పాపా" అన్నాడు. ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆ నడకను తెర మీదికి తెచ్చాను. గుట్ట కింద నుంచి బయల్దేరి, దాదాపు పైదాకా పోయి, కొన కొంచెం దూరంలో ఉండగా వెనక్కి తిరిగిన గీత. ఎక్కే దారిలో ఏడు చిక్కులు. అలవాటు కొద్దీ మొదటిదాన్ని తుడవడానికి చెయ్యి వెళ్ళింది. అంతలో దిగిన గీత కనబడింది. అదే దారి, అవే బండలు. ఆ గీత నూలుపోగులా సాఫీగా ఉంది, ఒక్క చిక్కు లేదు.

బండల వల్లయితే దిగేటప్పుడూ రావాలి కదా.  ప్రతి చుక్కతోపాటు ఫోను టైము కూడా రాసుకుంటుంది. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ వాటిని చూడలేదు, దారికి టైముతో పనేముందని. ఇప్పుడు చూశాను. మొదటి చిక్కు దగ్గర నాలుగు నిమిషాలు. తర్వాతది ఆరు. తర్వాతది తొమ్మిది. చివరిదాని దగ్గర ఇరవై నిమిషాలు. అక్కడి నుంచే వెనక్కి తిరిగాడు.

పాత ఆదివారాల నడకలు కూడా తెరిచాను. అన్నీ దాచే ఉన్నాయి. ఒక్కో నెలా వెనక్కి పోతుంటే చిక్కులు ఒక్కోటీ తగ్గుతూ పోయాయి. ఏడాది పైన ప్రతి వారం ఆ మనిషి తన రోగాన్ని బుట్టలో పెట్టి నాకు పంపాడు. నేను పైకి లాగి, శుభ్రంగా తుడిచేశాను. పైగా కొత్త ఫోను కొనిచ్చాను. ఎవరైనా ఒక్కరు చూడాల్సి ఉంటే, ఆ ఒక్కరూ నేనే. నేను ఆయనతో ఎక్కి ఉంటే మొదటి చిక్కు దగ్గరే తెలిసేది.

పెద్దమ్మకు చెప్పాలా వద్దా అని నాలుగు రోజులు నలిగిపోయాను. చెప్తే, ముందే తెలుసుకునే వీలు ఉండిందని ఆమెకు తెలుస్తుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో నా ముఖం ఎలా చూపించను? చెప్పకపోతే, ఆమె అడిగిన మాటకు నేను అబద్ధం చెప్పినట్టే. పీణ్యలో ఇంకో గది వెతుక్కుని, చెప్పకుండానే వెళ్ళిపోదామని కూడా ఒక పూట అనుకున్నాను. నాకు ఈ ఊళ్ళో మిగిలింది ఆ కింది ఇల్లొక్కటే. దాన్నీ పోగొట్టుకుంటానేమోనని భయం. చివరికి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగాను.

ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది, ఒక్కదానికి ఎన్ని కావాలో అలవాటు కాలేదు కాబోలు, చేట నిండా పోసుకుంది. అన్నీ చెప్పాను. చిక్కులు, తుడవడం, ఫోను, గుంపువాళ్ళు చెప్పింది. ఏదీ దాచలేదు. "నేను చూసుకోవాల్సింది పెద్దమ్మా. నా కళ్ళముందే ఉంది" అన్నాను. 

ఆమె చేతిలోని కాయకు ఈనె తీసింది. తర్వాత అంది, "ముప్పై ఎనిమిదేండ్లు పక్కలో ఉండి నాకే తెలీలేదు. గీతలు చూసి నువ్వు కనిపెట్టేదానికి డాక్టరా? చెప్పింటే నేను పోనిస్తానా? పోనియ్యనని తెలుసు. అందుకే ఇద్దరికీ చెప్పలేదు దొంగ."  నాకు శాపనార్థాలు పెట్టినా బాగుండేది. ఆమె చేట పక్కకు జరిపి, చేతులు చెంగుకు తుడుచుకుంది.

"యాడ యాడ కూసున్న్యాడో చూపించు."

తెర ఆమె వైపు తిప్పాను. వేలితో ఒక్కో చిక్కూ చూపించాను. ఆమె తన వేలు కూడా నా వేలి పక్కన పెట్టి, నెమ్మదిగా పైకి జరిపింది. మోకాళ్ళ నొప్పులతో ఆమె ఏ గుట్టా ఎక్కింది లేదు. మొదటి చిక్కు దగ్గర వేలు ఆపి అడిగింది, "ఈడ నీడ ఉండాదా?"

నాకు తెలియలేదు. ఫోటోలో పైనుంచి చూస్తే ఏదో ముదురు రంగు, చెట్టో బండో. "తెలీదు పెద్దమ్మా" అన్నాను. రెండోదాని దగ్గరా అదే అడిగింది. ఏడు చిక్కుల దగ్గరా అడిగింది. ఏడుసార్లూ తెలీదన్నాను. నడవకుండా నేను గీసిన దారి అది.

"పోయి చూసి చెప్తావా?" అంది.

ఆ ఆదివారం నా ఫోను కట్టేసి, దారి చూసుకోవడానికి పెదనాయన ఫోను పట్టుకుని, ఆఫీసులో ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను. పెదనాయన బయల్దేరిన టైముకే కరిబండె కింద ఉన్నాను. ఒంటరిగా గుట్టెక్కడం నాకు అదే మొదలు. పక్కన మాట లేకపోతే దారి ఇంత పొడుగని అప్పటిదాకా తెలియదు. నా ఊపిరి చప్పుడు నాకే పెద్దగా వినిపించింది. మొదటి చోట చింతచెట్టు ఉంది, దాని కింద కూర్చోవడానికి వీలైన రాయి. రెండో చోట రెండు బండల మధ్య సందు, పొద్దున పూట ఎండ పడదు. మూడు, నాలుగు చోట్ల తుమ్మచెట్లు, పలచని నీడ. అయిదో చోట వంగిన బండ, గొడుగు పట్టినట్టుంది. ఆరో చోట ఏదో పొద, మనిషి దగ్గరగా జరిగి కూర్చుంటే తలవరకు నీడ వస్తుంది. ప్రతి చోటా నేను కూర్చున్నాను, ఆయన కూర్చున్నంతసేపూ. నాకు అంత ఆయాసం లేదు. ఏం చెయ్యాలో తెలియక చేతులు చూసుకుంటూ కూర్చున్నాను. గుట్ట కింద రోడ్డు మీద లారీలు చీమల్లా పోతున్నాయి. ఇలాంటి చోట కూర్చుని ఆయన ఏమనుకుని ఉంటాడు? మళ్ళీ లేచి ఎందుకు పైకే నడిచాడు? ఎంత కూర్చున్నా నాకు తెలియలేదు.

ఏడో చోటుకు చేరేసరికి పదిన్నర దాటింది. నున్నటి నల్లబండ, మైదానంలా పరుచుకుని ఉంది. చెట్టు కాదు కదా, గడ్డిపోచ కూడా లేదు. నీడ కోసం చుట్టూ తిరిగాను, అటు పక్క, ఇటు పక్క, నలభై యాభై అడుగుల దాకా వెతికాను. ఏమీ లేదు. గుట్ట కొన కళ్ళకు ఎదురుగా, పిలిస్తే పలికేంత దూరంలో ఉంది. ఇక్కడ ఆ మనిషి ఎండలో ఇరవై నిమిషాలు కూర్చుని, ఆ కొన వంక చూసి, వెనక్కి తిరిగాడు.

ఇంట్లో పెద్దమ్మ ఆగలేకపోయినట్టుంది. కట్టేసిన నా ఫోను తెరిచీ తెరవగానే మోగింది.

"చేరినావా?"

"చేరాను పెద్దమ్మా."

ఒక్కొక్కటే అడిగింది, ఒక్కొక్కటే చెప్పాను. చింతచెట్టు, బండల సందు, తుమ్మచెట్లు, వంగిన బండ, పొద. ప్రతిదానికీ "ఊ" అంది.

"కడాది? శానాసేపు కూసున్న్యాడే, ఆ తావు?"

నేను మళ్ళీ ఒకసారి చుట్టూ చూశాను.

"ఆడ నీడ ఉండాదా పాపా?"

"ఉంది పెద్దమ్మా."

"ఏం చెట్టు?"

"కానుగ చెట్టు" అన్నాను. "పెద్దది."

 అటువైపు ఆమె గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది.

"కానుగ నీడ మంచిది. సల్లగా ఉంటాది" అంది. "నువ్వు కూడా ఆడ రోంతసేపు కూసోని రా, పాపా. ఎండన పడి రావద్దు."

సరేనన్నాను. ఫోను జేబులో పెట్టుకుని కూర్చున్నాను. బండ అప్పటికే కాలుతోంది.